కొత్తగా ఏమీ కొనకుండా నాన్న షష్టిపూర్తికి 40 కార్డులు, ఒక స్క్రాప్‌బుక్: ఇంట్లో ఉన్నవాటితో అవుతుందా?

రంగుకాగితం (పెరంబూర్)

అందరికీ నమస్కారం. మా నాన్న 1966లో పుట్టారు, పరాభవ నామ సంవత్సరం. ఈ ఉగాదికి మళ్ళీ పరాభవ వచ్చింది. షష్టిపూర్తి తిరుక్కడయూరులో చేద్దామనుకున్నాం, దగ్గరివాళ్ళే వస్తారు. ఒక్కో కుటుంబానికి ఇచ్చే తాంబూలం సంచిలో నా చేత్తో చేసిన కార్డు ఒకటి ఉండాలని, నాన్న చేతికి ఒక స్క్రాప్‌బుక్ ఇవ్వాలని కోరిక. కార్డులు 40 కావాలి. పుస్తకం 20 పేజీలుంటే చాలు.

ఒకటే పట్టుదల, దీనికోసం కొత్తగా ఏదీ కొనను. డబ్బు సంగతి ఒక్కటే కాదు. మన చెన్నై ప్యారిస్‌లోని ఆండర్సన్ స్ట్రీట్ కాగితాల బజారుకు వెళ్ళినప్పుడల్లా నచ్చిన కాగితం తెచ్చి, మంచి సందర్భం వస్తే వాడదామని దాచాను. నాకు ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది?

ఉన్నవి ఇవీ: 12 అంగుళాల డిజైన్ కాగితాల ప్యాడ్‌లు రెండు, సగం వాడినవి. ఏ4 తెల్ల ఐవరీ బోర్డు ఒక ప్యాకెట్. వాషి టేపులు (డిజైన్లున్న కాగితపు టేపులు). ఇంగ్లీషు అక్షరాల స్టిక్కర్లు, జిగురు ఆరిపోయినవి. రబ్బరు స్టాంపులు బాగానే ఉన్నాయి, ఇంకు ప్యాడ్‌లు ఎండిపోయాయి. ఫెవికాల్, గ్లూ స్టిక్, డబుల్ సైడ్ టేప్. పట్టుచీరల అట్టపెట్టెలు. టైలర్ దగ్గర మిగిలిన జరీ అంచులు, చమ్కీలు. పిల్లల స్కూలు ప్రాజెక్టులకు తెచ్చిన చార్టులు. మార్గళి (ధనుర్మాసం) ముగ్గుల కోసం మైలాపూర్ మాడవీధిలో కొన్న ప్లాస్టిక్ ముగ్గు జల్లెడలు. అన్నిటికంటే ఎక్కువగా, బీరువా కింది అరలో ఏళ్ళ తరబడి పేరుకున్న శుభలేఖలు.

శుభలేఖల దగ్గరే ఆగిపోయాను. ఆ బంగారు రంగు అచ్చులు, ఆ మందం అట్ట ఏ దుకాణంలోనూ దొరకవు. కానీ అమ్మ "శుభలేఖ మీద కత్తెర పెట్టకూడదు" అంటోంది. మీరు ఏం చేస్తారు?

రెండో సంగతి ఫొటోలు. నాన్న చిన్నప్పటివి నలుపు తెలుపువి, అరచేతిలో పట్టేంత. 1993 నాటి పెళ్ళి ఫొటోలు రంగువి, ప్లాస్టిక్ పొర ఎత్తి జిగురు పేజీకి అంటించే రకం ఆల్బమ్‌లో ఉన్నాయి. కొన్ని లాగినా రావడం లేదు. ఎలా తీయాలి?

మూడోది, తెలుగులో శీర్షికలు పెట్టాలని ఉంది. ఉన్న స్టిక్కర్లన్నీ ఇంగ్లీషువే.

అంచుకత్తెర (నంగనల్లూరు)

తల్లీ, సరుకు సరిపోతుంది, మిగులుతుంది కూడా. కత్తెర పట్టకముందు అన్నీ నేల మీద పరిచి రెండు కుప్పలు చెయ్యి. ఇచ్చేసేవాటికి ఒకటి, నిలవాల్సినవాటికి ఒకటి. కార్డు ఎవరో చదువుతారు, కొన్నాళ్ళు షోకేసులో పెడతారు, పదేళ్ళకు పచ్చబడితే ఎవరూ బాధపడరు. పుస్తకం అలా కాదు, నీ పిల్లల పిల్లలు తిప్పాలి. అందుకే ఏ కాగితం ఎక్కడికి పోవాలన్నది దాని అందాన్ని బట్టి తేల్చకు, ఎన్నాళ్ళు నిలుస్తుందో దాన్ని బట్టి తేల్చు.

చార్టులు, క్యాలెండర్ కాగితాలు, వార్తాపత్రిక ముక్కలు, చీర పెట్టెల అట్ట, చమ్కీలు, ముదురు రంగు కాగితాలు అన్నీ కార్డుల కుప్పలోకే. చవక కాగితంలో చెక్క గుజ్జుతో వచ్చే లిగ్నిన్ ఉంటుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది పచ్చబడి, పక్కనున్న ఫొటోను కూడా పాడుచేస్తుంది. నీ 12 అంగుళాల ప్యాడ్ల అట్ట వెనక చూడు, యాసిడ్ లేనిదనీ లిగ్నిన్ లేనిదనీ రాసి ఉంటే అవి పుస్తకానికి.

అలా రాసి లేని ప్యాడ్‌తో కార్డులు చెయ్యి. లెక్క చెప్తాను. ఐవరీ బోర్డు ఏ4 ని అడ్డంగా రెండు చేసి, ఒక్కో సగాన్ని మడిస్తే 10.5 × 14.8 సెంటీమీటర్ల కార్డు. 20 బోర్డులకు 40 కార్డులు. బోర్డు తక్కువపడితే 22 × 28 అంగుళాల చార్టు నుంచి అలాంటి సగాలు 9 వస్తాయి. కార్డు ముఖం మీదికి 9.5 × 13.8 ముక్క కొయ్యి, చుట్టూ అర సెంటీమీటరు తెల్లంచు మిగులుతుంది. 12 అంగుళాల కాగితం 30.5 సెంటీమీటర్లు కాబట్టి ఒక షీటుకు ఆరు ముక్కలు. ఏడు షీట్లతో నీ పని అయిపోయింది. పక్కన 2 సెంటీమీటర్ల పట్టీ ఒకటి, కింద 2.9 సెంటీమీటర్ల పట్టీ ఒకటి మిగులుతాయి. పారేయకు, వేరే డిజైను ముక్క మీద నడుముపట్టీలా అడ్డంగా అంటించు. ఒకే ప్యాడ్‌లోని రంగులు కాబట్టి ఏది ఏదానితో పెట్టినా కుదురుతుంది.

పుస్తకం పేజీలకు మంచి కాగితం చాలదనుకుంటే ఇంకో దారి ఉంది. 4 × 6 అంగుళాల ఫొటో పెట్టేచోట, దాని కిందున్న డిజైన్ కాగితం ఎవరికీ కనబడదు. అందులోంచి మూడున్నర ఇంటూ ఐదున్నర కిటికీ కోసి తియ్యి. ఫొటో అంచులు పావు అంగుళం మేర కాగితం మీదే ఆనతాయి, నీకు ఇంకో పేజీకి సరిపడా ముక్క చేతికొస్తుంది. కిటికీ వెనక మాత్రం తెల్ల బోర్డు ఉండాలి. పుస్తకం బరువు కూడా తగ్గుతుంది.

ఇక శుభలేఖలు. అమ్మ మాట తీసెయ్యకు. నేను పేర్లు, ముహూర్తం ఉన్న పత్రిక జోలికి పోను. దాన్ని తీసి కట్టగట్టి మళ్ళీ అరలో పెట్టేస్తాను. పైనుండే అచ్చు అట్ట, లోపల ఊరికే వేసిన రంగు కాగితం, కుచ్చు దారం, కవరు, ఇవి మాత్రమే వాడతాను. ఈ పద్ధతి చెప్పి చూడు, అమ్మ ఒప్పుకుంటారనే నా నమ్మకం. వినాయకుడి బొమ్మలుంటాయి కదా, వాటిని బొమ్మ తెగకుండా చుట్టూ వదిలి కోసి కార్డు పైభాగంలో పెట్టు. కవరు మీద వద్దు, కవరు చింపి పారేస్తారు. ఒకటి గుర్తుంచుకో, ఎవరి శుభలేఖ ముక్క వాళ్ళింటికే వెళ్ళకూడదు. చూడగానే పోల్చుకుంటారు, మనసు చివుక్కుమంటుంది. ముక్క వెనక పెన్సిల్‌తో ఇంటిపేరు రాసుకుంటే సరి.

అమ్మానాన్నల 1993 శుభలేఖ ఉంటే దాన్ని అసలు కొయ్యొద్దు. నాలుగు మూలలా పసుపు ఉంటుంది, అది పక్క కాగితానికి అంటుతుంది. కలర్ జెరాక్స్ తీసి ఆ కాపీని పేజీలో పెట్టు, అసలుది విడిగా కవరులో ఉంచు.

తెలుగు అక్షరాలకు దారం వాడు. మన అక్షరాలు గుండ్రం, ఒక్క పోగుతో తిరిగిపోతాయి. పెన్సిల్‌తో పల్చగా రాసి, గీత మీద సన్నగా ఫెవికాల్ పెట్టి, ఊలో జనపదారమో గుండుసూదితో సర్దుతూ వెయ్యి. "న" తో మొదలుపెట్టు, చెయ్యి పట్టుబడుతుంది. ఒత్తులు ఎక్కువున్న శీర్షికలు చేత్తోనే రాయి.

స్టాంపుల మీద స్కెచ్ పెన్ పూసి, నోటితో "హా" అని ఒకసారి ఊది వెంటనే కాగితం మీద అద్దు. ఎండిన ప్యాడ్ అవసరం లేదు. ఒకే స్టాంపులో రెండు మూడు రంగులు కూడా వస్తాయి. ముగ్గు జల్లెడను కార్డు మీద కదలకుండా పట్టి, స్పాంజికి పోస్టర్ కలర్ తడీ పొడిగా అద్ది పొడిచినట్టు కొట్టు. రంగు పల్చనైతే చుక్కలు కలిసిపోతాయి.

పాతపెట్టె (రాయపేట)

అమ్మా, నేను ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం సంగతి రెండు మాటలు.

ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుంది, తయారయ్యేటప్పుడు నారలు ఒకవైపుకు సర్దుకుంటాయి. బోర్డును అటూ ఇటూ మెల్లిగా వంచి చూడండి. ఒకవైపు సులువుగా వంగుతుంది, రెండోవైపు ఎదురు తిరుగుతుంది. సులువుగా వంగినవైపే మడత రావాలి. లేకపోతే మడత దగ్గర పొర పగిలి తెల్లగా కనబడుతుంది. 40 కార్డులకూ ఒక్కసారి చూసుకుంటే చాలు, ఒక ప్యాకెట్‌లో బోర్డులన్నిటికీ సాధారణంగా వాలు ఒకటే.

మడతకు ముందు గీత పడాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు, కింద నాలుగు పాత మేగజీన్లు. స్కేలు పక్కనే పెన్ను గట్టిగా ఒకసారి లాగితే గాడి పడుతుంది. గాడి పడ్డ వైపు బయటికి, ఉబ్బెత్తు లోపలికి వచ్చేలా మడవాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు. శుభలేఖ అట్టల మీద పూత ఉంటుంది కాబట్టి వాటికి గాడి లేకుండా మడత పెట్టనే కూడదు.

జిగురు: ఫెవికాల్ నీళ్ళతో చేసినది. పల్చని కాగితానికి దట్టంగా రాస్తే ముడతలు పడతాయి, మన మద్రాసు తేమలో ఆరడానికి సమయం పడుతుంది. ఐస్ పుల్లతో సన్నని పొరగా రాసి, పైన బటర్ పేపర్ వేసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. లామినేషన్ మెరుపున్న శుభలేఖ అట్టకు ఫెవికాల్ పట్టదు, అక్కడ డబుల్ సైడ్ టేప్ వాడండి. మైదా జిగురు చవక కదా అని పుస్తకానికి వాడకండి. బైండింగ్ వాళ్ళు అందులో మైలుతుత్తం కలిపేది పురుగు తినకుండా ఉండటానికే. తుత్తం విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు, ఫొటోల దగ్గరికి అసలే వద్దు. సెల్లోటేపు కూడా పుస్తకంలో వద్దు. జిగురు గోధుమరంగు మరకగా దిగిపోతుంది, టేపు ఊడిపోయినా మరక పోదు.

నాన్నగారి పుట్టిన ఏడాది పరాభవ, ఈ ఏడాదీ పరాభవ అన్నారు. నేనైతే ఎదురెదురు పేజీలు రెండూ ఆ పేరుతోనే పెడతాను. ఎడమ పేజీలో 1966, కుడి పేజీలో 2026. ఇంట్లో రోజూ చింపే క్యాలెండర్ ఉంటే షష్టిపూర్తి నాటి కాగితం పారేయకుండా దాచండి. అంకె పెద్దది, తిథి నక్షత్రం అచ్చై ఉంటాయి, వేరే అలంకారం అక్కర్లేదు. కాకపోతే అది నాసి కాగితం, జెరాక్స్ తీసి పెట్టండి.

వేళచ్చేరి వాసి

ఫొటోల గురించి మాత్రం నేను గట్టిగా చెప్పాలి. 2015 డిసెంబరు వరదలో మా ఇంటి కింది అంతస్తు మునిగింది, ఆల్బమ్‌లు కింది అరలో ఉన్నాయి. అప్పటికి మా అన్నయ్య స్కాన్ చేసి ఉంచినవే మాకు మిగిలాయి. మీ శుభలేఖలు, ఫొటోలు బీరువా కింది అరలోంచి ఇవాళే పైకి మార్చండి.

జిగురు పేజీ ఆల్బమ్‌లోంచి ఫొటోను చేత్తో లాగకండి. వంగితే పైపొర చిట్లుతుంది. పళ్ళు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనక దూర్చి, రెండు కొసలూ పట్టుకుని రంపంలా అటూ ఇటూ మెల్లిగా ఆడిస్తూ కిందికి రండి. రాకపోతే వదిలేయండి, ప్లాస్టిక్ పొర మాత్రం ఎత్తి ఆ పేజీని అలాగే స్కాన్ చేయండి.

అసలు ఫొటోలు స్క్రాప్‌బుక్‌లో అంటించకండి, కాపీలు పెట్టండి. 2 × 3 అంగుళాల చిన్న ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే, 4 × 6 లో 300 డీపీఐతో శుభ్రంగా ప్రింటు వస్తుంది. ఫొటో ప్రింట్లకు డబ్బు పెడితే మీ పట్టుదల పోయినట్టు కాదని నా అభిప్రాయం, అవి సరుకు కాదు, విషయం. 1993 రంగు ఫొటోలు ఎర్రబారి ఉంటే స్కాన్ చేశాక ఫోన్‌లోనే రంగు సరిచేసుకోవచ్చు. పాతవాటిని కాపాడుదామని లామినేషన్ మాత్రం చేయించకండి. వేడితో అతుక్కున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు.

సినిమా టికెట్లు, బిల్లులు లాంటివి పెట్టాలనుకుంటే అవి చాలావరకు వేడికి నల్లబడే కాగితం, అక్షరాలు వెలిసిపోతాయి. ఫొటో తీసి పెట్టుకోండి.

రంగుకాగితం (పెరంబూర్)

అందరికీ ఎంత రుణపడ్డానో చెప్పలేను. అంచుకత్తెర అక్కా, మీ మాట అమ్మకు చెప్పాను. పేర్లున్న పత్రికలు విడిగా కట్టగడదామనగానే ఆవిడే కూర్చుని వేరుచేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటి తీస్తూ ఎవరి పెళ్ళిలో ఏం జరిగిందో చెప్తోంది. నాన్న చిన్నప్పటి ఫొటోలో పక్కనున్న అబ్బాయి ఎవరో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు, నెల్లూరు మేనత్తకు ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో చెప్పింది. వాళ్ళ పక్కింటి పాలవాళ్ళ అబ్బాయట, నాన్నతో కలిసి బడికి వెళ్ళేవాడట.

ఇంకో సందేహం. జరీ అంచులు పుస్తకం అట్ట మీద వేయాలనుంది, కోసిన చోట పోగులు ఊడిపోతున్నాయి. నెల్లూరు వాళ్ళకు ముందుగా పోస్టులో పంపే కార్డులు కూడా కొన్ని ఉన్నాయి. వాటి మీద కుందన్లు పెట్టొచ్చా?

అంచుకత్తెర (నంగనల్లూరు)

ఆ అబ్బాయి పేరు ఇవాళే రాసిపెట్టు తల్లీ. పేజీలో ఫొటో పక్కన ఒకసారి, అసలు ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఒకసారి. బాల్‌పెన్ను వద్దు, ముందువైపుకు అచ్చు పడుతుంది. నేను చూసిన స్క్రాప్‌బుక్‌లలో పూలు, రిబ్బన్లు, ముత్యాలు అన్నీ ఉండి పేర్లు లేనివి ఎన్నో. వాటిని చూస్తే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. 20 పేజీల్లో ఐదు పేజీలకు అలంకారం తగ్గినా ఫర్వాలేదు, మేనత్త చెప్పినవి ఆవిడ మాటల్లోనే రాయి. ఏ పెన్నుతో రాసినా ముందు చిత్తు ముక్క మీద రాసి, ఆరాక నీటిచుక్క వేసి చూడు. పారితే ఆ పెన్ను కార్డులకే.

సౌకార్‌పేట కోడలు

జరీ సంగతి నాకు వదలండి, మా వీధంతా అదే వ్యాపారం. కోయబోయే గీత మీద ముందుగా ఫెవికాల్ పల్చగా రాసి, పూర్తిగా ఆరాక ఆ గీత మధ్యలో కత్తెర వెయ్యండి. పోగు ఊడదు. రంగులేని నెయిల్ పాలిష్ కూడా పనిచేస్తుంది. అంచును అట్ట మీద ఆపకుండా లోపలికి మడిచి అంటిస్తే కొసలు కనబడవు. చీర పెట్టె అట్ట రెండు పొరలు కలిపి అంటిస్తే పుస్తకానికి మంచి అట్ట అవుతుంది, పైన పట్టు బ్లౌజు ముక్క వెయ్యండి. లోపలివైపు మాత్రం మంచి తెల్ల కాగితం అంటించండి, అట్ట నేరుగా మొదటి పేజీకి ఆనకూడదు. జరీ కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది కాబట్టి బయటే ఉండనివ్వండి, ఫొటో పేజీల్లోకి తేవద్దు.

పోస్టుకు కుందన్లు వద్దు. ముద్ర గుద్దేటప్పుడు కార్డు చిరుగుతుంది. చమ్కీ, దారం, కాగితం వరకైతే సరే.

పాతపెట్టె (రాయపేట)

బరువు లెక్క నేను చెప్తాను. ఏ4 వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు. మీ బోర్డు 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు) అయితే షీటు 15.6 గ్రాములు, కార్డుకు పట్టే సగం 7.8. డిజైన్ ముక్క, కవరు కలిపినా పోస్టు ఉత్తరాల మొదటి 20 గ్రాముల మెట్టు దాటదు. శుభలేఖ మందం అట్ట దాని మీద పడితే దాటొచ్చు, వంటింటి త్రాసు మీద ఒకటి తూచి చూసుకోండి.

కవర్లు కూడా కొనక్కర్లేదు. శుభలేఖల కవర్లను అంటు దగ్గర ఆవిరి పట్టి జాగ్రత్తగా విప్పండి. లోపలి తెల్లవైపు బయటికి తిప్పి, 11.4 × 16.2 సెంటీమీటర్లకు మడిచి, మళ్ళీ అంటించండి. మీ కార్డు అందులో వదులుగా కూర్చుంటుంది. తాంబూలం సంచిలో పెట్టేవాటికి కూడా కవరు ఉండాల్సిందే. పసుపు, కుంకుమ పొట్లాలు ఎంత గట్టిగా కట్టినా కొంచెం రాలతాయి, తెల్లంచు మీద ఆ మరక పోదు.